సరైన జవాబు: సున్నా రోజులు

ఆగస్టు 4

పొద్దుగాల్నే దక్షిణామూర్తి సార్ ఫోన్. యూనివర్సిటీ ప్రొఫెసర్ గారు నాకు ఫోన్ చేసుడంటే మాటలా! పిల్లలు వేప్‌లట, అదే ఈ-సిగరెట్లు, పీలుస్తున్నరట. ఎట్ల బంద్ చేపియ్యాలె అని పెద్ద ప్రాజెక్టు వచ్చిందట. ఆరోగ్యానికి ఏమేం ముప్పున్నదో చిన్న చిన్న సందేశాలు రాసి గోడలకు పెట్టాలె. ముందొక సర్వే, తర్వాతొక సర్వే. మార్పు వచ్చిందా లేదా కొలవాలె. "ఇంద్రసేనా, డాక్టర్లు రాసిచ్చింది మూడు పేజీలుంది, ఎవ్వరూ చదువుతలేరు. ఒక్క ముక్కల చెప్పేటోనివి నువ్వే" అన్నరు.

అది మాత్రం నిజం. ఇరవై రెండేండ్ల సంది అశోక్ నగర్‌ల కోచింగ్ సెంటర్లకు బిట్లు రాస్తున్న. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, అండ్ల ఒక్కటి కరెక్ట్. నా బిట్లు చదివి ముగ్గురు డిప్యూటీ కలెక్టర్లయిన్రు. ఎస్సైలు, తహసీల్దార్లయితే లెక్కే లేదు. నేనే ఏం కాలె. గ్రూప్స్ ఆరుసార్లు రాసిన, ఇప్పుడు ఏజ్ బార్. అది వేరే ముచ్చట.

మనోరమతోని చెప్తే "వేప్ అంటే ఏందో మీకు ఎర్కనా అసలు?" అన్నది. పెండ్లయి పద్దెనిమిదేండ్లయినా ఆమెకు నా పని సమజ్ కాలె. తెల్వనిదాని మీద బిట్లు రాసుడే గదా నా పని.

ఆగస్టు 6

అంజి ఇయ్యాల పదహారు వందల మీటర్లు 7.08ల కొట్టిండు. ఏడు నిమిషాల పదిహేను సెకన్ల లోపల ఉరికితే చాలు, ఎస్సై ఈవెంట్స్‌ల పాసయినట్టే. ఈవెంట్స్ డిసెంబర్ల. ఇంక నాలుగు నెలలున్నది.

ప్రిలిమ్స్ ఎట్లయితే నా బిట్లతోని గట్టెక్కిండో, మెయిన్స్ కూడ గట్లనే ఎక్కుతడు. మధ్యల ఈ ఉరుకుడొక్కటే నా చేతుల లేనిది. మా మీది అంతస్తు కట్టినప్పుడు వీళ్ల నాయిన బుగ్గయ్య పాలమూరు దిక్కుకెల్లి పనికొచ్చిండు. స్లాబ్ అయిపోయిన రోజు పోరన్ని నా ముందర నిలబెట్టి, "సారూ, సిమెంటు మోసుడు నాతోనే ఖతం కావాలె. వీణ్ణి మీ చేతుల పెడుతున్న" అన్నడు. అప్పటిసంది అంజి మా మీది రూముల్నే ఉంటున్నడు. యూనివర్సిటీల ఎం.ఏ., లైబ్రరీల ఎస్సై చదువు.

వాడు ఎస్సై అయితే నేనయినట్టే. ఈ మాట ఎవ్వరితోని అనలె. మనోరమతోని అస్సలు అనలె.

ఆగస్టు 13

నలభై సందేశాలు రాసిన. సార్ చూసి "ఇంద్రసేనా, ఇవి ప్రశ్నలు గదా, సందేశాలు కావాలె" అన్నరు. నాలుగు జవాబులు లేకుంట నేనెట్ల రాస్త? వేప్ పొగల ఉండేది: ఎ) ఒట్టి నీటి ఆవిరి, బి) నికోటిన్, సి) సన్న లోహపు రేణువులు, డి) బి మరియు సి. దీని కన్న సాఫ్ సీదగ ఎవడన్న చెప్తడా! సార్ తల పట్టుకొని, "సరే, పిల్లలకు అలవాటైన భాషే అనుకుందాం" అన్నరు.

మనోరమ చదివి "భయం కాలె నాకైతే" అన్నది. ఆమె స్కూల్ టీచర్. ఆమెకు భయపెట్టుడే ఎర్క, భయపడుడు ఎర్క లేదు.

ఆగస్టు 19

మొదటి సర్వే. నారాయణగూడల ఒక డిగ్రీ కాలేజీల, యూనివర్సిటీల, మన అశోక్ నగర్ పోరలకు కమ్యూనిటీ హాల్ల. పేర్లు రాయొద్దన్నరు సార్. హాల్ టికెట్ నంబర్ లేని పేపర్ ఏం పేపర్? రాపిచ్చిన. బబుల్ షీట్ కూడ నేనే పెట్టిపిచ్చిన.

పోరల క్రమశిక్షణ చూస్తే కండ్లు సల్లగయినయి. పది నిమిషాల ముందే వచ్చి కూసున్నరు. "సార్, నెగెటివ్ మార్కులున్నయా?" "సార్, కటాఫ్ ఎంతుండొచ్చు?" "క్యాటగిరీ వారీగ ఇస్తరా?" ఒకామె అయితే ఏడో ప్రశ్న దగ్గర చెయ్యెత్తింది. 'గత ముప్పై రోజుల్లో మీరు ఎన్ని రోజులు వేప్ చేశారు?' అన్నది ఏడో ప్రశ్న. "సార్, ఇది సిలబస్‌ల లేదు" అన్నది. ఏం తయారీ!

ఆగస్టు 21

పేపర్లు దిద్దిన. సార్ దిద్దమనలె గాని, దిద్దకుంట ఎట్లుంటం? కీ తయారు చేసుకున్న. ఏడో ప్రశ్నకు కీ: ఎ) సున్నా రోజులు. చదువుకునేటోడు ఇంకోటి ఎట్ల పెడతడు?

అంజి ఏడో ప్రశ్నకు డి దిద్దిండు. 'ప్రతి రోజూ' అని. నాకు పానం పోయినంత పనైంది. వేప్ గురించి కాదు, బబ్లింగ్ గురించి. మెయిన్స్‌ల ఒక్క బబుల్ తప్పు పడితే జిందగీ ఆగం. వెంటనే కిందికి పిలిచి క్లాస్ పీకిన.

"అన్నా, ఆ ప్రశ్నకు నేను..." అన్నడు.

"ఎదురు మాట్లాడకు. తొందర పడ్డవా లేదా? కరెక్ట్ జవాబు ఏంది?"

"ఎ అన్నా."

"ఆఁ, గట్ల."

ఎర్ర పెన్నుతోని సున్న చుట్టి, దాని పక్కకు 'అజాగ్రత్త' అని రాసిన.

ఆగస్టు 30

పోస్టర్లు పడ్డయి. లైబ్రరీ గోడకు, కాలేజీ మెట్లకు, అశోక్ నగర్ గల్లీల కరెంటు స్తంభాలకు. ఒక్కొక్క పోస్టర్ ముందర పదిహేను మంది. ఫోన్లతోని ఫోటోలు తీస్తున్నరు, నోట్‌బుక్కుల ఎక్కిస్తున్నరు. ఇరవై రెండేండ్లల్ల నా రాత గోడల మీద పడుడు ఇదే మొదలు. లైబ్రరీ ముందర నాలుగుసార్లు ఊర్కనే నడిచిన.

సెప్టెంబర్ 3

అంజి 7.12. వాన పడ్డది. ట్రాక్ అంత బురద.

సెప్టెంబర్ 9

లొల్లి. తిమ్మయ్య చాయ్ బండి కాడ రెండు పార్టీలయినయి. దేశంల వేప్‌లు బంద్ చేసింది రెండువేల పంతొమ్మిది సెప్టెంబర్ల అని ఒక పార్టీ, డిసెంబర్ల అని ఇంకో పార్టీ. సెప్టెంబర్ల వచ్చింది ఆర్డినెన్సు, డిసెంబర్ల అయింది చట్టం. నా పోస్టర్ల 'నిషేధించిన నెల' అని మాత్రమే ఉన్నది. పదకొండు మంది సంతకాలు పెట్టి వినతిపత్రం ఇచ్చిన్రు, ఒక మార్కు కలపమని. ఇవ్వకుంటే కోర్టుకు పోతరట.

గట్టిగ మాట్లాడేటోడు మాట మాటకు నోట్లకెల్లి తెల్లగ పొగ వదుల్తున్నడు. తిమ్మయ్య చాయ్ మస్తు వేడి ఉంటది.

అయినా ఒక చట్టం గురించి ఇంత మంది ఇంతగనం కొట్లాడుకున్నరంటే చైతన్యం రానట్టా? సార్‌కు ఫోన్ చేసి చెప్పిన. ఆయన కూడ ఖుష్.

సెప్టెంబర్ 15

మీదికి పోయే మెట్ల మీద మామిడిపండు వాసన. మనోరమ ముక్కు ఎగబీలుస్తది: "సెప్టెంబర్ల మామిడిపండు ఏడికెల్లి వచ్చిందండీ?" రూం ఫ్రెషనర్ అయ్యుంటది. చదివేటోనికి మనసు నిమ్మళంగ ఉండాలె గదా. ఆమె నన్ను ఒక చూపు చూసి, బియ్యం కడుగుతందుకు పోయింది.

సెప్టెంబర్ 22

ఘోరం! జిరాక్స్ సెంటర్ల 'వేపింగ్: 250 బిట్లు, జవాబులతో' అని పుస్తకం దిగింది. రచయిత పేరు లేదు. అండ్ల నలభై నావే, అక్షరం పొల్లు పోకుంట. మిగతా రెండువందల పది ఏడికెల్లి తెచ్చిన్రో దేవునికెర్క. కోపానికొచ్చి ఒక కాపీ కొన్న. 118వ బిట్ మంచిగున్నది, నాకెందుకు తట్టలేదో.

సెప్టెంబర్ 29

అంజి 7.17. రెండు సెకన్లు ఎక్కువ. ఉరికినంక వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని దగ్గుతున్నడు. ఇందిరా పార్కు దిక్కుకెల్లి అంత దుమ్మే. దసరాకు ఊరికి పోతే మంచి గాలి తగుల్తది, సెట్ అయితడు.

అక్టోబర్ 8

ఊరికెల్లి వచ్చిండు. 7.19. నా స్టాప్‌వాచ్ సెల్లు పాతగయింది, మార్చాలె.

అక్టోబర్ 13

రేపు రెండో సర్వే, అవే ప్రశ్నలు. పోరలు టెలిగ్రాంల ఒకటే గోల, మొదటి దాని కీ పెట్టలేదని. నిజంగనే తప్పు నాదే. పరీక్ష పెట్టినోడు కీ ఇయ్యకుంట ఉండుడు ధర్మం కాదు. మధ్యాహ్నం అన్నం తినంగనే పెట్టేసిన, ఏడో ప్రశ్నతో సహా. నాలుగు వేల మంది చూసిన్రు. రెండువందల మంది దండాలు పెట్టిన్రు.

అక్టోబర్ 16

చరిత్ర! యాభైకి సగటు నలభై ఏడు. ఏడో ప్రశ్నకు నూటికి నూరు మంది సున్నా రోజులు. ఒక్కడంటే ఒక్కడు వేప్ ముట్టలె. ఆగస్టుల ముప్పై ఒక్క శాతం, అక్టోబర్ల సున్నా. దక్షిణామూర్తి సార్ నన్ను కావలించుకున్నరు. ప్రపంచంల ఏ దేశంల కూడ ఇట్ల కాలేదట. జర్నల్‌కు పేపర్ రాసి పంపుతరట, అండ్ల నా పేరు కూడ ఉంటదట.

అంజికి యాభైకి యాభై. ఫస్ట్ ర్యాంక్. మనోరమకు చూపిస్తే "ర్యాంక్ పేపర్ల కాదు, గ్రౌండ్ల రావాలె" అన్నది. ఇంట్ల ఒక్క మంచి మాట దొరకదు నాకు.

అక్టోబర్ 18

అంజి కిందికొచ్చి తలుపు కాడ నిలబడ్డడు. "అన్నా, జర మాట్లాడాలె."

"మెయిన్స్ గురించా?"

"కాదు."

"అయితే ఈవెంట్స్ అయినంక మాట్లాడుదాం. ఇప్పుడు దిమాక్ ఖరాబ్ చేసుకోకు."

సరే అని పోయిండు. చెప్పిన మాట వింటడు, అదే వీనిల ఉన్న గుణం.

నవంబర్ 2

మనోరమ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే నీలం హైలైటర్ దొరికిందట. అంజి జేబుల ఎప్పుడూ ఉంటది అది. నేనే పది మందికి చెప్పిన, చూడున్రి, వీడు ముఖ్యమైన ముక్కల కింద గీత లేకుంట చదవడు అని. మనోరమ దాన్ని తెచ్చి నా కంచం పక్కకు పెట్టింది. "రాసి చూడున్రి" అన్నది.

రాయలె అది. నోట్ల పెట్టుకునే దిక్కు చిన్న తొర్ర ఉన్నది. కింద లైటు వెలిగింది. మామిడిపండు వాసన.

అన్నం తినలె.

నవంబర్ 4

ఏం లేదు.

నవంబర్ 5

మీదికి పోయిన. దాన్ని టేబుల్ మీద పెట్టి "ఇదేంది?" అన్న.

"పాడ్ అన్నా. వేపే."

"లోపల ఏమున్నది?" కోపంల అన్న గాని, వాడు అలవాటు ప్రకారం జవాబు చెప్పిండు. "నికోటిన్, రుచి రసాయనాలు, సన్న లోహపు రేణువులు. పైవన్నీ."

"నికోటిన్ మెదడు ఎదుగుదలను ఏ వయసు దాంక దెబ్బ తీస్తది?"

"ఇరవై అయిదు దాంక."

"నీకెన్ని?"

"ఇరవై మూడు."

"ఊపిరితిత్తులకు ఏమయితది?" అని మొదలు పెట్టిన. పదకొండో పోస్టర్ అది. సగం నేను చెప్పిన, మిగతా సగం వాడే పూర్తి చేసిండు. పన్నెండోది, పదమూడోది కూడ గట్లనే అయినయి. ఇద్దరం నిలబడి బడి పిల్లలు ఎక్కాలు చెప్పినట్టు చెప్పినం. ఒక్క అక్షరం తప్పు పోలె వాడు. అన్ని తెల్సినోడు ఎట్ల పీలుస్తడు? నాకు సమజ్ కాలె. ఎప్పటి సంది అని అడుగుదామనుకొని, అడగలె.

"ఇగ ముట్టవు గదా" అన్న. తల ఊపిండు. పాడ్ తీస్కొచ్చి చెత్త బండిల ఏసిన. ముచ్చట ఖతం. నెల రోజులున్నది, చాలు.

నవంబర్ 6

అల్మారల కెల్లి ఆగస్టు పేపర్ తీసి చూసిన. ఏడో ప్రశ్న. డి బబుల్ నిండుగ, అంచులు దాటకుంట, నేను నేర్పినట్టే దిద్దిండు. తొందరల దిద్దినట్టయితే లేదు. దాని మీద నా ఎర్ర సున్న ఉన్నది.

చెప్పిండు వాడు. నాకే చెప్పిండు. నేను మార్కు కోసిన.

నవంబర్ 10

సార్ దగ్గరికి పోయిన. "సార్, ఆ సున్నా శాతం తప్పు. ముందు రోజు నేనే కీ పెట్టిన. పోరలు కీ చూసి దిద్దిన్రు" అన్న.

సార్ లేచి తలుపు దగ్గరికేసిన్రు. "అంటే లీక్ అంటవా?"

"లీక్ కాదు సార్, నేనే..."

"అశోక్ నగర్‌ల ఉంటవు, ఆ మాట నోట్లకెల్లి రానియ్యకు. రేపు పోరలు రోడ్డు మీద ధర్నా కూసుంటరు. మన పేపర్ జర్నల్‌కు పంపుడైంది, బయటోళ్లు కూడ మెచ్చుకున్నరు." చాయ్ తెప్పిచ్చిన్రు. "ఇంద్రసేనా, పిల్లలకు సరైన జవాబు ఏందో తెల్సింది గదా. అది కూడ మార్పే."

వచ్చేటప్పుడు అడిక్‌మెట్ దాంక నడిచిన. బస్సెక్క బుద్ధి కాలె. మంచి చాయ్, గాని సయించలె.

నవంబర్ 21

7.22. కొత్త బూట్లు, పాదానికి అలవాటు కావాలె.

నవంబర్ 28

మెట్ల మీద ఈసారి పుదీనా వాసన. మనోరమ పచ్చడి చేస్తున్నదేమో అని వంటింట్ల తొంగి చూసిన. పొయ్యి మీద చారు ఉన్నది.

డిసెంబర్ 8

7.24.

డిసెంబర్ 9

నిన్న ఈవెంట్స్. అప్పుడే రాయ చాతగాలె. ఇయ్యాల రాస్త.

బుగ్గయ్య, అంజి తల్లి ఆశమ్మ ఇద్దరు పని బంద్ పెట్టుకొని గ్రౌండ్ కాడికొచ్చిన్రు. ఆశమ్మ జొన్నరొట్టె మూట తెచ్చింది, ఉరికి వచ్చినంక కొడుక్కు పెడదామని. నేను గేటు అవతల చెట్టు కింద నిలబడి, వాళ్లకు ఈవెంట్స్ అంటే ఏందో, ఎన్ని మార్కులో, మెయిన్స్ ఎట్లుంటదో అంతా చెప్తున్న. చెప్పుడు నాకు మంచిగొస్తది. బుగ్గయ్య ఊఁ కొట్టుకుంట గ్రౌండ్ దిక్కే చూస్తున్నడు.

అంజి బయటికి వచ్చేటప్పుడే ఎర్కయింది. తొమ్మిది సెకన్లు ఎక్కువ. రెండో రౌండ్ దాంక అందరి కన్న ముందరున్నడట. మూడో దాంట్ల దమ్ము వచ్చి నడిచిండట. గేటు దాటి నా దిక్కు రాలె, వాళ్లమ్మ దిక్కు పోయిండు. ఆమె వీపు నిమిరింది. వాడు దగ్గుతనే ఉన్నడు. మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడుతదో నా కన్న బాగ ఎవనికెర్క? మూడేండ్లో, నాలుగేండ్లో.

"బూట్లు కొత్తయి బుగ్గయ్యా" అన్న.

బుగ్గయ్య బీడీ తీసి, ముట్టియ్యకుంటనే చేతుల పట్టుకున్నడు. "బూట్లు కాదు సారూ. దసరాకు ఊరికొచ్చినప్పుడే చూసిన. ఇంటెనుక నిలబడి పెన్ను లెక్క ఏందో పీలుస్తుండె. బీడీ తాగెటోన్ని, నాకెర్కగాదా? ఆశమ్మ సారుకు ఫోన్ చెయ్యిమన్నది. నేనే వద్దన్న. సారు ఊరంతటికి గదే బంద్ చేపిస్తున్నడు, గోడల మీద రాస్తున్నడు. ఇంట్ల ఉన్న పోరని సంగతి ఆయనకెర్క లేకుంటుంటదా, ఆయన చూసుకుంటడు తియ్యి అన్న."

తిట్టినట్టు అనలె. మామూలుగ అన్నడు. తిడితే బాగుండు. చెప్పు తీసి కొడితే ఇంక బాగుండు. ఇంటికొచ్చి బాత్రూంల నల్లా తిప్పి ఏడ్చిన. మనోరమకు ఇనబడ్డదనుకుంట, తలుపు కొట్టలె.

డిసెంబర్ 11

దక్షిణామూర్తి సార్ ఫోన్. ఫేజ్ టు వచ్చిందట, ఆరు జిల్లాలట. అశోక్ నగర్ పద్ధతి అని పేరు పెట్టిన్రట దానికి. "ఈసారి నూట యాభై సందేశాలు కావాలె ఇంద్రసేనా." నాతోని కాదు సార్ అన్న. తబియత్ బాగలేదా అన్నరు. అవునన్న.

మనోరమ పల్లెంల అన్నం పెట్టి నా చేతికిచ్చింది. "మీది పోరడు పొద్దుటి సంది కిందికి రాలె. పోస్టర్ చదవకున్రి మళ్ల" అన్నది.

మీదికి పోయిన. అంజి గోడకానుకొని కూసున్నడు. పక్కకు కొత్త పాడ్, ఈసారి ఎర్రది. దాచలె. నేను కుర్చీ గుంజుకొని కూసున్న. అన్నం వాని ముందర పెట్టిన. ఏమేమో నోటి దాంక వచ్చినయి, అన్ని నేను రాసినవే. మింగిన.

"రోజుకు ఎన్నిసార్లురా?" అన్న.

"ఏ జవాబు కావాలె అన్నా నీకు?"

ఎటకారం కాదు. నిజంగనే అడిగిండు వాడు, నేను ఏది చెప్తే అది దిద్దెటట్టు. నా చెంప మీద కొట్టినట్టయింది. "ఉన్నది చెప్పు. నా దగ్గర కీ లేదు" అన్న.

చెప్పిండు. కండ్లు తెరవంగనే ఒకటి. పొద్దుగాల ఉరికేకన్న ముందు, ఉరికినంక. లైబ్రరీల గంటకు రెండుసార్లు బాత్రూంకు పోయి. లేకుంటే చేతులు వణుకుతయట, అక్షరం కండ్లకానదట. నవంబర్ల నేను పారేసినంక రెండు దినాలు ఓర్చుకున్నడట, మూడో దినం మెట్ల మీద కూసొని ఏడ్చిండట. నేను కింద రూముల్నే ఉన్న ఆ దినం. ప్రిలిమ్స్ చదువు అప్పుడు నిద్ర ఆపుకునేతందుకు ఎవడో ఇచ్చిండట. అలవాటైందని కాదు భయమట. ఈ నడుమ పండుకుంటే ఎడమ దిక్కు సూది పొడిచినట్టు అయితున్నదట. ఎవ్వరికి చెప్పలేదట.

"ఏడ?" అన్న. నా చెయ్యి తీసుకొని పక్కటెముక మీద పెట్టుకున్నడు. "ఇగో, ఇడ." ఊపిరి పీలిస్తే మధ్యల ఆగుతున్నది, నా చేతికి తెలుస్తున్నది. పదకొండో పోస్టర్ల నేనే రాసిన దీని గురించి, నాలుగు జవాబులతోని. చెయ్యి తియ్య బుద్ధి కాలె.

నాలుగు నెలలు ఊరందరిని భయపెట్టే మాటలు రాసిన. నాకు భయమైంది ఇయ్యాలనే. రేపు పొద్దుగాల ఎనిమిది గంటలకు దోమలగూడల ఛాతి డాక్టర్ దగ్గరికి పోతున్నం, నేను, అంజి. అడిగెటియి అన్ని వాణ్ణే అడగనియ్యాలె, నేను నోరు మూసుకొని కూసోవాలె.